ఎంబీబీఎస్ అప్పుకు ముందు: సంతకం పెట్టేవారి రిపోర్టు చూశారా?

పోయిన అడ్మిషన్ల సమయంలో ఒక తండ్రి మా ఇంటికి వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కూతురికి సీటు కేటాయించిన కాగితం. బి కేటగిరీలో, అంటే యాజమాన్య కోటాలో, ఎంబీబీఎస్. కాలేజీలో చేరడానికి ఇంకా నాలుగు రోజులే గడువు. బ్యాంకు మాత్రం అప్పు ఇవ్వనన్నది. నేను రుణాల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యాను కాబట్టి, ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆయన క్రెడిట్ రిపోర్టు తెప్పించి చూశాం. ఎవరి పేరు మీద ఏ అప్పులున్నాయో, ఎలా కట్టారో రాసి ఉండే పత్రమది, దాన్నిబట్టి వేసే అంకే స్కోరు. తొమ్మిదేళ్ల క్రితం బావమరిది ఆటో కొంటే ఈయన షూరిటీ సంతకం పెట్టారు. చివరి మూడు వాయిదాలు బావమరిది కట్టలేదు. "ఆ ఆటో సంగతే మరిచిపోయాను సార్, నేను పెట్టింది ఒక్క సంతకం" అన్నారు. బాకీ ఆ రోజే కట్టేశారు. బాకీ లేదన్న కాగితం ఫైనాన్స్ కంపెనీ నుంచి రావడానికి పది రోజులు పట్టింది. సీటు పోయింది.

వడ్డీ రేట్లు పోల్చుకోవడం, కాగితాలు జిరాక్సులు తీసుకోవడం మీకు తెలిసినవే, వాటి గురించి రాయను. నేను చెప్పేది ఒకే ఒక్క పొరపాటు గురించి. అప్పు కోసం సంతకం పెట్టబోయే తండ్రి, తల్లి, అన్న, మేనమామ రిపోర్టును బ్యాంకు కంటే ముందు మీరు చూడకపోవడం. పిల్లల భవిష్యత్తు దెబ్బతినడం నేను ఎక్కువగా చూసింది ఇక్కడే.

ఎవరి రిపోర్టు చూడాలి

ఇంటర్ పూర్తిచేసిన పిల్లకో పిల్లవాడికో అప్పు చరిత్రే ఉండదు. బ్యాంకు చూసేది పక్కన సంతకం పెట్టే పెద్దల చరిత్ర. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా పథకం ప్రకారం రూ.4 లక్షల వరకు తాకట్టు అక్కర్లేదు. అది దాటి రూ.7.5 లక్షల వరకు మూడో వ్యక్తి హామీ అడగవచ్చు. ఆపైన ఆస్తి తాకట్టు. బి కేటగిరీలో ఒక్క ఏడాది ఫీజే రూ.10 లక్షలు దాటే కాలేజీలు ఉన్నాయి కాబట్టి మీరు మూడో మెట్టు దగ్గరే ఉంటారు. "ఇల్లు తాకట్టు పెడుతున్నాం కదా, ఇంకా స్కోరుతో పనేమిటి?" అని అడిగినవారు ఎందరో. బ్యాంకుకు మీ ఇల్లు వేలం వేయాలని ఉండదు, వాయిదా తేదీకి డబ్బు రావాలని ఉంటుంది. ఇల్లున్నా రిపోర్టు చూస్తుంది.

తల్లి పేరు మీద అప్పు తీసుకుంటే ఇబ్బంది ఉండదని అనుకోకండి. డ్వాక్రా గ్రూపు అప్పుల వివరాలు సభ్యుల వారీగా కూడా రిపోర్టుల్లోకి చేరవచ్చు. మాఫీ వస్తుందన్న ఆశతో రెన్యువల్ మానేసిన పంట రుణం నాన్నగారి పేరు మీద ఉంటే అదీ చూడండి. మాఫీ జాబితాలో పేరు రావడం ఒకటి, రిపోర్టులో ఖాతా మూసివేసినట్టు నమోదు కావడం మరొకటి. రెండోది జరిగిందో లేదో మీరే చూసుకోవాలి.

ఏమి చూడాలి

మన దేశంలో నాలుగు సంస్థలు ఈ రిపోర్టులు ఇస్తాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. 2017 నుంచి ప్రతి సంస్థా ఏడాదికి ఒక పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అందరూ సిబిల్ ఒక్కటే చూసి ఊరుకుంటారు. మీరు వెళ్లే బ్యాంకు వేరే సంస్థ రిపోర్టు తెప్పించవచ్చు, అందుకే నాలుగూ చూడండి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. ఈ భయంతోనే చాలామంది చూడకుండా ఉండిపోతారు.

స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. కానీ ఆ అంకె దగ్గరే ఆగిపోకండి. ఒక్కొక్క ఖాతా కింద నెలల వారీగా చిన్న గడులు ఉంటాయి, 36 నెలలవి. గడిలో 000 ఉంటే ఆ నెల సకాలంలో కట్టారని అర్థం. 030, 060 లాంటివి ఉంటే అన్ని రోజులు ఆలస్యమైందని. ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్‌ఎస్‌ఎస్ అన్న మూడక్షరాలు కనబడితే ఆ ఖాతా మొండి బాకీగా నమోదైనట్టు. స్కోరు 740 ఉన్నా 'రైటాఫ్' (ఇక వసూలు కాదని బ్యాంకు లెక్క కట్టిన బాకీ) అన్న ఒక్క మాట దగ్గర ఫైలు ఆగిపోవడం నేను చూశాను.

ఆ తరువాత ఖాతాలో మీ పాత్ర ఏమిటో రాసి ఉన్న చోట చూడండి. 'గ్యారంటర్' అని ఉన్న ఖాతాలు ఎన్ని? మనలో కాదనలేని మొహమాటం ఎక్కువ. తోటి ఉద్యోగికి, చుట్టానికి, ఇంటి యజమానికి సంతకం పెడతాం. వాళ్లు కడుతున్నారో లేదో మళ్లీ అడగం. అడిగితే బాగుండదనుకుంటాం. సంతకం పెట్టినవారి రిపోర్టు అంటే ఈ సంతకాలన్నీ కలిపి.

సెటిల్‌మెంట్ సంగతి

క్రెడిట్ కార్డు బాకీ లక్ష ఉంటే, వసూలు ఏజెంటు ఫోను చేసి నలభై వేలు కట్టండి, సెటిల్ చేస్తాం అంటాడు. కట్టినవారు పీడ విరగడైందని అనుకుంటారు. రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. మొత్తం బాకీ తీర్చలేదని దాని అర్థం, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. అలాంటిది ఉంటే ఆ సంస్థ దగ్గరికి వెళ్లి, వదిలేసిన మిగతా మొత్తం కడతాం, 'క్లోజ్డ్' అని నమోదు చేయండి అని రాతపూర్వకంగా అడగండి. వాళ్లు ఒప్పుకున్నట్టు కాగితం వచ్చాకే డబ్బు కట్టండి.

ఎప్పుడు చూడాలి

సీటు వచ్చాక కాదు. ర్యాంకు వచ్చాక కూడా కాదు. నీట్ దరఖాస్తు నింపిన వారంలోనే. తప్పు నమోదైందని ఫిర్యాదు చేస్తే పరిష్కరించడానికి 30 రోజుల గడువు ఉంది. ఆ గడువు దాటితే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలి, కానీ ఆ పరిహారంతో సీటు తిరిగి రాదు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి ఈ రిపోర్టు సంస్థలకు వివరాలు పంపాలన్న నియమం వచ్చింది కాబట్టి పరిస్థితి కొంత మెరుగు. అయినా కౌన్సెలింగులో మీకు దొరికేవి కొన్ని రోజులే. విద్యార్థి సిబిల్ స్కోరు తక్కువన్న కారణంతో విద్యారుణం నిరాకరించకూడదని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. మంచి తీర్పు. కానీ మీరు కోర్టుకు వెళ్లి వచ్చేలోపు ఆ సీటు ఇంకొకరికి వెళ్లిపోతుంది.

ఇక వరసగా చెబుతాను, రాసుకోండి.

పాన్ కార్డులో, ఆధార్‌లో, పాత అప్పు కాగితాల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. ఇంటిపేరు పొడి అక్షరంగా ఒకచోట, పూర్తిగా ఇంకొకచోట ఉంటే అదే పేరున్న మరొకరి అప్పు మీ రిపోర్టులో చేరే ప్రమాదం ఉంది. వెంకటేశ్వరరావులు, లక్ష్ములు మన ఊళ్లలో ఎందరో.

ఎప్పుడూ తీసుకోని అప్పు కనబడితే ఆ రోజే ఫిర్యాదు చేయండి.

వారంలో అయిదు బ్యాంకులకు దరఖాస్తు పెట్టకండి. ప్రతి దరఖాస్తూ మీ రిపోర్టులో 'ఎంక్వైరీ'గా నమోదవుతుంది, అప్పు కోసం తిరుగుతున్నారన్న అనుమానం కలుగుతుంది.

నీట్ దరఖాస్తు నుంచి అప్పు చేతికి వచ్చేవరకు కొత్త ఫోను, కొత్త బండి వాయిదాల మీద వద్దు.

పిల్లల ఫోనులో అప్పులిచ్చే యాప్ ఏదైనా ఉందేమో అడగండి. తిట్టకుండా అడగండి, లేకపోతే దాస్తారు.

స్కోరు పెంచుతామని డబ్బు అడిగేవారిని నమ్మకండి. నిజంగా కట్టని బాకీని రిపోర్టులోంచి ఎవరూ తీసేయలేరు.

సీటు వచ్చేవరకు ఎవరికీ కొత్తగా షూరిటీ సంతకం పెట్టకండి. అన్న అడిగినా సరే, బావ అడిగినా సరే.

ఇదివరకు సంతకం పెట్టిన అప్పు ఇంకా నడుస్తుంటే, ఆ మనిషికి ఈ రోజే ఫోను చేయండి. మొహమాటం వద్దు. చివరి వాయిదా రసీదు పంపమని అడగండి.

విదేశాల్లో ఎంబీబీఎస్ అని ఏజెంటు తొందర పెట్టినా అడ్వాన్సు కట్టే ముందు సంతకం పెట్టేవారి రిపోర్టు చూడండి.

చదువుతున్నంతకాలం వడ్డీ కట్టాలో అక్కర్లేదో అప్పు పత్రంలో చదవండి. కట్టాలని ఉంటే ఒక్క నెల కూడా తప్పకండి. ఆ ఖాతా మీ పిల్లల పేరు మీదే ఉంటుంది, రేపు పీజీ అప్పుకు వెళ్లేది వాళ్లే.

ఇంటర్న్‌షిప్ అయ్యాక పీజీలో చేరితే, వాయిదాలు మొదలయ్యే గడువు పొడిగించమని బ్యాంకుకు రాసివ్వండి. దానంతటదే పొడిగిస్తారని ఊరుకోకండి.

తండ్రి రిపోర్టు బాగాలేకపోతే దాచకండి. అన్న గానీ, ఉద్యోగం చేసే అక్క గానీ సహరుణగ్రహీతగా ఉండటానికి వీలుందేమో ముందే బ్యాంకును అడగండి. వాళ్ల రిపోర్టు కూడా చూశాకే.

తీర్చిన ప్రతి అప్పుకూ బాకీ లేదన్న పత్రం ఇంట్లో ఉండాలి. లేకపోతే బ్రాంచికి వెళ్లి నకలు అడగండి. నోటిమాటగా వద్దు. దరఖాస్తు రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకుని తెచ్చుకోండి.