ఎండాకాలంలో కౌలింగ్ (విమానం ఇంజిన్ మీది రేకు తొడుగు) కింద ఇంజిన్ వేడి: సమస్య - పరిష్కారం

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. సొంతంగా విమానం కట్టుకున్నవాళ్లకు ఇక్కడ అసలు టెన్షన్ ఇంజిన్ వేడే. గాలితో చల్లబడే లైకమింగ్ కంపెనీ ఇంజిన్లలో చాలావాటికి సిలిండర్ హెడ్ (సిలిండర్ పై భాగం) గరిష్ఠ పరిమితి 260 డిగ్రీల సెల్సియస్. క్రూయిజ్‌లో (ఒకే ఎత్తులో నిలకడగా ఎగిరేటప్పుడు) 205 దాటనివ్వకపోతే సిలిండర్లు ఎక్కువ కాలం మన్నుతాయి.

సమస్య: పైకెక్కేటప్పుడు అన్ని సిలిండర్లూ కాగిపోతున్నాయి

చాలామంది వెంటనే ముందున్న గాలి రంధ్రాలు పెద్దవి చేస్తారు. దయచేసి ఆ పని ఆఖరికి పెట్టుకోండి. లోపలికి వచ్చిన గాలి ఫిన్ల (సిలిండర్ చుట్టూ వేడిని వదిలే పలుచని రెక్కల) మధ్య నుంచి పోకుండా సందుల్లోంచి జారిపోవడమే ఎక్కువసార్లు కారణం. చీకటి పడ్డాక కౌలింగ్ బిగించి, ఇంజిన్ పైభాగంలో చిన్న ఎల్‌ఈడీ లైటు వెలిగించి కింద నుంచి చూడండి. ఫిన్ల మధ్య కాకుండా ఇంకెక్కడ వెలుతురు కనిపించినా అది లీకే. కౌలింగ్ లోపల రబ్బరు సీలు రాసుకున్న నల్లటి గీతను కూడా వేలితో వెంబడించండి. గీత తెగిన చోట సీలు ఆనడం లేదు. సీలు అంచు ఇంజిన్ వైపుకే వంగి ఉండాలి, అప్పుడు గాలి ఒత్తిడే దాన్ని అదిమి పెడుతుంది. చిన్న సందుల్ని వేడికి తట్టుకునే సిలికాన్‌తో పూడ్చండి.

తర్వాత మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, ఒక కొన ఇంజిన్ పైన, రెండోది కింద, గాలి నేరుగా కొట్టని చోట కట్టండి. నీటి మట్టాల తేడాయే ఇంజిన్ పైనా కిందా గాలి ఒత్తిడిలో ఉన్న తేడా. ఎగిరేటప్పుడు దాన్ని పక్కనున్న మనిషే రాసుకోవాలి, పైలట్ చూపు బయటే ఉండాలి. లీకులు మూసినా తేడా తక్కువే ఉంటే గాలి బయటికి పోయే దారి ఇరుకైందన్నమాట. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి ఆ దారి ముందు రంధ్రాల కంటే పెద్దదిగా ఉండాలి. తేడా బాగానే ఉండి కూడా కాగుతుంటే ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం), గాలి-పెట్రోల్ మిశ్రమం చూడండి.

సమస్య: ఒక్క సిలిండరే వేడి

ముందు సెన్సర్లు అటూ ఇటూ మార్చి చూడండి. వేడి సెన్సర్‌తో పాటు వెళ్తే ఇంజిన్ తప్పేమీ లేదు. వెళ్లకపోతే ఆ సిలిండర్‌కు గాలి-పెట్రోల్ మిశ్రమం తెచ్చే ఇన్‌టేక్ గొట్టం లీకు వెతకండి.

సమస్య: ఆయిల్ మాత్రమే కాగుతోంది

బొగ్గు గనుల పక్కన ఆయిల్ కూలర్ (ఆయిల్‌ను చల్లబరిచే జల్లెడలాంటి భాగం) మీద జిడ్డూ బొగ్గు దుమ్మూ కలిసి గట్టిగా పేరుకుంటాయి. వెనక నుంచి ముందుకి తక్కువ ఒత్తిడి గాలితో ఊదండి.

సమస్య: దిగి, కాసేపటికి స్టార్ట్ చేస్తే తడబడుతోంది

ఆగిన ఇంజిన్ వేడికి పైపులో పెట్రోల్ ఆవిరవుతుంది. ఇంధన పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పి, ఫైర్ స్లీవ్ (వేడికి తట్టుకునే తొడుగు) తొడగండి. ఆపగానే ముక్కు గాలికి ఎదురుగా పెట్టి, పైనున్న ఆయిల్ మూత తలుపు తెరవండి. మళ్లీ స్టార్ట్ చేశాక ఇంజిన్ నిలకడగా తిరిగేదాకా టేకాఫ్ వద్దు.