చెరువు చేపల్లో సీసం, కాడ్మియం: ల్యాబుకు పంపే ముక్క ఎలా తీయాలి

వరంగల్ చుట్టుపక్కల చెరువుల చేపల్లో భారలోహాలు చూడాలనుకునేవాళ్లు మంచి ల్యాబు ఎక్కడుందా అని వెతుకుతారు. లెక్క చెడేది మాత్రం ఎక్కువగా గట్టు మీదే. తినే చేపలో సీసానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి కిలోకు 0.3 మిల్లీగ్రాములు. వల అంచున ఉన్న సీసపు గుండ్లు పట్టుకున్న చేత్తోనే చేప కోస్తే ఆ అంకెను నమ్మలేం.

ముందు చేపను ఎంచుకోండి. రవ్వ, బొచ్చె పిల్లలను చాలా చెరువుల్లో ఏటా బయటి నుంచి తెచ్చి వదులుతారు. వాటి ఒంట్లో ఉన్నది కొన్ని నెలల చరిత్రే. చెరువులోనే పుట్టి పెరిగిన కొర్రమట్ట దొరికితే అది మేలు. చిన్న చేపల్ని తిని బతుకుతుంది కాబట్టి పాదరసం దానిలో ఎక్కువగా పోగవుతుంది. వయసుతో పాదరసం పెరుగుతుంది గనుక ఒకే జాతివి 5 తీసుకోండి, అన్నిటికన్నా చిన్నది పెద్దదాని పొడవులో మూడు వంతులకు తగ్గకూడదు.

కోరింగ మడ అడవుల్లాంటి తీరపు నేలల్లో ఈ పనికి ఒకచోటే ఉండే ఆల్చిప్పలు అనువు. మన చెరువుల్లో మంచినీటి ఆల్చిప్పలు, నత్తలు ఉన్నాయి. నత్తలు తినే కొంగలకు లోహం ఎంత చేరుతుందో కూడా వీటినిబట్టి అంచనా వేయొచ్చు. కోసే ముందు ఒక రోజు శుభ్రమైన నీళ్లలో ఉంచాలి. లేకపోతే పేగుల్లోని బురదను కూడా మాంసంగా లెక్కేసినట్టవుతుంది. పాకాల అభయారణ్యంలో నత్త తీయాలన్నా అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే.

సామాన్లు: పౌడర్ లేని నైట్రైల్ గ్లౌజులు (పౌడర్‌లో జింక్ ఉండొచ్చు), సెరామిక్ కత్తి, ప్లాస్టిక్ పలక, జిప్ కవర్లు, ఐస్ పెట్టె. స్టీలు కత్తి నుంచి క్రోమియం, నికెల్ అంటుకుంటాయి. కత్తి, పలక, డబ్బాలను 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, డీఅయనైజ్డ్ నీళ్లతో (కరిగిన లవణాలు, లోహాలు తీసేసిన నీళ్లు) మూడుసార్లు కడగండి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో కాదు. కళ్లద్దాలు తప్పనిసరి.

చేపను కడిగి, పొడవు, బరువు రాసుకుని, తోలు తీసి, వీపు మాంసం 20 గ్రాములు కోయండి. కాలేయం, మూత్రపిండాలు వేరే కవర్లలో వేయండి, కాడ్మియం చేరేది అక్కడే. సీసం ఎక్కువగా ఎముకల్లో, పొలుసుల్లో ఉంటుంది. అందుకే మాంసం బాగుందని చెరువు బాగున్నట్టు కాదు. ముళ్లతో సహా నమిలే చిన్న చేపలైతే, ఇంట్లో ఎలా వండుతారో అలా మొత్తంగా పంపాలి. చాలామంది దీన్నే వదిలేస్తారు.

అదే గట్టు మీద ఒక ఖాళీ డబ్బాలో డీఅయనైజ్డ్ నీళ్లు పోసి, అదే కత్తితో కదిపి మూసి పంపండి. అందులో సీసం కనిపిస్తే అది చేపది కాదు, బయటి నుంచి అంటిందే కాబట్టి ఆ రోజు నమూనాలన్నీ పక్కన పెట్టాల్సిందే. మిగతావి మైనస్ 20 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి పంపండి. పాదరసం చూడాలంటే వేడితో ఆరబెట్టొద్దని ల్యాబుకు ముందే చెప్పండి, అది ఆవిరైపోతుంది.

రిపోర్టు రాగానే అంకె తడి బరువుకా, ఎండు బరువుకా అని అడగండి. చేప మాంసంలో 75 నుంచి 80 శాతం నీరే. ఎండు బరువుకు 1.2 అని వస్తే తడి బరువుకు 0.24 నుంచి 0.3 మధ్య ఉన్నట్టు. పరిమితి తడి బరువుకు పెట్టింది. తెలిసిన విలువ ఉన్న చేప పొడిని కూడా పరీక్షించి, ఆ విలువలో ఎంత శాతం వచ్చిందో ల్యాబు చూపాలి. 80 నుంచి 120 లోపు లేకపోతే మళ్లీ చేయించండి.