ముసురులో సుజౌ మ్యూజియం, తోట చూడబోయే ముందు

జూన్ మధ్య నుంచి జూలై మొదటి రోజుల దాకా చైనాలో యాంగ్సీ నది దిగువ ప్రాంతమంతా ముసురే. ప్లమ్ పళ్లు పండే వేళ పడుతుందని అక్కడివాళ్లు దీన్ని ‘మేయు’, అంటే ప్లమ్ వాన అంటారు. డ్రాగన్ పడవల పండగ సెలవులు చాలా ఏళ్లు దీనికి దగ్గర్లోనే పడతాయి. షాంఘైలో ఉండే మనవాళ్లు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో దగ్గర్లోని సుజౌ నగరానికి వెళ్లాలనుకునేదీ ఈ సెలవుల్లోనే. వేగంగా వెళ్లే రైలెక్కితే అరగంట ప్రయాణం. వాన పడుతోందని మానుకోవద్దు, ఆ చోటు అందమే వానలో ఉంది. కాళ్లూ కాగితాలూ మాత్రం జాగ్రత్త.

ముందు కాగితాల సంగతి. సుజౌ మ్యూజియంలోకి ప్రవేశం ఉచితమే కానీ ముందే సమయం బుక్ చేసుకోవాలి. పక్కనే ఉన్న పాతకాలపు జువోజెంగ్ తోటకు టికెట్ ఉంటుంది. పండగ రోజుల్లో రెండూ త్వరగా నిండిపోతాయి. బుకింగుకు పాస్‌పోర్టు నంబరు అడుగుతారు, లోపలికి వెళ్లేటప్పుడు అసలు పాస్‌పోర్టే కావాలి. దాన్ని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బ్యాగులో పైజేబులో కాకుండా లోపలి అరలో ఉంచండి. చైనాలో గూగుల్ మ్యాప్ పనిచేయదు. రెండు చోట్ల పేర్లూ చైనా లిపిలో ఫోన్లో దాచుకోండి, ఒక కాగితం మీద కూడా రాసుకోండి. తడి వేళ్లతో ఫోన్ తెరవడం ఎంత టెన్షనో నాకు తెలుసు.

అసలు ప్రమాదం నేల. తోటలో దారులు గులకరాళ్లతో, పలకలతో వేసినవి. చెట్ల నీడలో పాచి పడుతుంది. వంకర వంతెనలకు గట్లు మోకాలెత్తు కూడా ఉండవు, కింద చెరువు. పాత మండపాల్లో గడప ఎత్తుగా ఉంటుంది, గొడుగు ముందుకు వంచి నడిచేవాళ్లకు అది కనబడదు. ఒకసారి అలాంటి గడప దగ్గరే మా అత్తయ్య తూలిపడబోయింది, పక్కన చెయ్యి పట్టుకుని ఉన్నాం కాబట్టి సరిపోయింది. అందుకే గొడుగు కంటే రెయిన్‌కోటు నయం. జనంలో గొడుగు కమ్మి ఇంకొకరి కంటికి తగిలే భయం కూడా ఉండదు. రబ్బరు అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. చీర కట్టుకునే పెద్దవాళ్లు ఆ ఒక్క రోజుకు కుచ్చిళ్లు కాస్త పైకి కడితే చాలు. పిల్లల్ని కృత్రిమ కొండరాళ్లు ఎక్కనివ్వకండి. ఉరిమితే చెట్ల కింద నిలబడకుండా చుట్టూ గోడలున్న భవనంలోకి వచ్చేయండి.

వాన జోరుగా ఉన్నప్పుడు మ్యూజియం, తగ్గాక తోట చూస్తే మంచిది. మ్యూజియం భవనం ప్రసిద్ధ వాస్తుశిల్పి ఐ.ఎం. పే రూపకల్పన, 2006లో తెరిచారు. తెల్లగోడ ముందు పలకలుగా కోసిన రాళ్లతో కొండల వరుస పేర్చారు. వాన పొగలో అది సిరా చిత్రంలా కనబడుతుంది. లోపలికి వెళ్లే ముందు గొడుగు, కోటు ఒక సంచిలో వేసుకోండి. పట్టు మీద, కాగితం మీద వేసిన పాత బొమ్మలకు తేమ శత్రువు, అందుకే నీళ్లు కారుతూ గదుల్లోకి పోవడం తప్పు. ఫ్లాష్ ఆపండి. ఉక్కలోంచి ఏసీలోకి వెళ్లగానే ఒంటికి చలేస్తుంది, పిల్లలకు ఒక పొడి చొక్కా ఉంచుకోండి. సుజౌలోనే ఉన్న టైగర్ హిల్ గోపురంలో దొరికిన ఆకుపచ్చ తామర పింగాణీ గిన్నెను తప్పకుండా చూడండి.

తోటను మింగ్ రాజవంశ కాలంలో, 16వ శతాబ్దం మొదట్లో వాంగ్ షియాన్‌చెన్ అనే అధికారి కొలువు విడిచి వచ్చాక కట్టించుకున్నాడు. అక్కడ ‘వాన వినే మండపం’ ఒకటుంది. అరటి ఆకుల మీద, తామరాకుల మీద చినుకులు పడే చప్పుడు వినడానికే దాన్ని కట్టారు. అమ్మానాన్నలను అక్కడ పావుగంటైనా కూర్చోబెట్టండి. బెంచీలు తడిగా ఉంటాయి, తుడుచుకోవడానికి ఒక పాత తువ్వాలు తీసుకెళ్లండి.