సిలికాన్ గొట్టానికి వెండి హైడ్రోజెల్ పూత: ముందు నీళ్ల సంగతి చూడండి

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు కాలేజీ ల్యాబులో సిలికాన్ గొట్టం మీద బ్యాక్టీరియాను అడ్డుకునే ఈ వెండి హైడ్రోజెల్ (నీళ్లు పట్టి ఉంచే మెత్తటి జెల్) పూత మొదలుపెట్టేవాళ్లు ముందుగా అనుమానించాల్సింది నీళ్లని. బోరు నీళ్లలోని క్లోరైడు వెండిని పట్టి తెల్లటి సిల్వర్ క్లోరైడుగా దించేస్తుంది. కొన్న బ్యాటరీ నీళ్లనూ గుడ్డిగా నమ్మొద్దు. పరీక్ష నాళికలో 5 మి.లీ. పోసి రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేసి, వెనక నల్ల కాగితం పెట్టి చూడండి. పాలు కలిపినట్టు మసక వస్తే ఆ డబ్బా పక్కన పెట్టేయడమే.

ఇక్కడ చేసేవి ల్యాబు పరీక్షకు గొట్టం ముక్కలు మాత్రమే. మనిషి ఒంట్లో పెట్టేవాటికి 2017 వైద్య పరికరాల నియమాల కింద లైసెన్సు, ఐఎస్‌ఓ 10993 పరీక్షలు (ఒంటికి హాని చేయదని తేల్చేవి) కావాలి.

సిలికాన్ కాథెటర్‌ను (ఒంట్లో పెట్టే సన్న గొట్టం) సెంటీమీటరు ముక్కలుగా కోసి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పది నిమిషాలు ఉంచి కడగండి. ఆ తర్వాత చేత్తో ముట్టుకోవద్దు, చెమటలోనూ ఉప్పే. సిలికాన్‌కు నీళ్లు అంటవు. జెల్ నేరుగా వేస్తే పొట్టులా ఊడొస్తుంది. అందుకే కింద పాలీడోపమైన్ ప్రైమర్ (జెల్‌ను పట్టి ఉంచే అడుగు పొర) వేయాలి: 100 మి.లీ. నీళ్లలో 121 మి.గ్రా. ట్రిస్ (పీహెచ్ నిలకడగా ఉంచే బఫర్), పీహెచ్ 8.5కి తెచ్చాక 200 మి.గ్రా. డోపమైన్ హైడ్రోక్లోరైడ్. ముక్కల్ని ఇందులో వేసి గాలి తగిలేలా 24 గంటలు కలుపుతూ ఉంచితే నల్లబడుతుంది.

ఈ ద్రావణంలోనూ క్లోరైడు ఉంది. మూడుసార్లు కొత్త నీళ్లలో కడిగాకే ముక్కల్ని సిల్వర్ నైట్రేట్‌లో (100 మి.లీ.కి 17 మి.గ్రా.) రాత్రంతా చీకట్లో నానబెట్టండి. గ్లవ్స్ లేకపోతే వేళ్ల మీద నల్ల మచ్చలు ఖాయం.

జెల్‌కు 10 గ్రాముల పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్, 99 శాతం హైడ్రలైజ్ అయినది), 90 మి.లీ. నీళ్లు. చల్లటి నీళ్లలో చల్లుతూ కలిపి, ఆపైన 90 డిగ్రీలకు వేడిచేయాలి. మరిగే నీళ్లలో కుమ్మరిస్తే ఉప్మా రవ్వలా ఉండకడుతుంది. బుడగలు పోయాక, దారానికి కట్టిన ముక్కను ముంచి మెల్లగా పైకి లాగండి. ఐదు నిమిషాలకు తలకిందులు చేయకపోతే కింది కొసన బొట్టు మందంగా నిలుస్తుంది.

మూత డబ్బాలో తడి దూదితో పాటు మైనస్ 20 దగ్గర 16 గంటలు గడ్డకట్టించి, తర్వాత కరిగించాలి. ఇలా మూడు విడతలు. నెమ్మదిగా కరిగితేనే జెల్ గట్టిపడుతుంది. మే ఎండల్లో బల్ల మీద కాకుండా ఫ్రిజ్ కింది అరలో కరిగించండి. రాత్రి కరెంటు పోయిందేమో తెలియాలంటే, ఫ్రీజర్‌లో గ్లాసు ఐసు మీద రూపాయి బిళ్ల పెట్టండి. పొద్దున అది అడుగున ఉంటే ఆ విడత లెక్కలోకి రాదు. తయారైన పూతను ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిముల్ని చంపే పరికరం) పెట్టారో, 121 డిగ్రీల్లో కరిగి మళ్లీ జిగురే.

పరీక్షకు 0.5 మెక్‌ఫార్లండ్ (బ్యాక్టీరియా ఎంత ఉందో చెప్పే కొలత) మసకకు తెచ్చిన ఈ. కోలై బ్యాక్టీరియాని ముల్లర్ హింటన్ అగర్ (బ్యాక్టీరియా పెంచే గట్టి జెల్లీ) మీద పూసి, ఉత్త సిలికాన్, వెండి లేని జెల్ (సిల్వర్ నైట్రేట్‌లో నానబెట్టనిది), వెండి జెల్ మూడూ ఒకే ప్లేటులో పెట్టి 35 డిగ్రీల్లో 16 నుంచి 18 గంటలు ఉంచండి. అగర్‌లోని క్లోరైడు, ప్రొటీన్లు కూడా వెండిని పట్టేస్తాయి కాబట్టి ముక్క చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం చిన్నదే వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. పారేయకండి, ముక్కను ఎత్తి, దాని కింద బ్యాక్టీరియా పెరిగిందో లేదో చూడండి.