తెరుచుకునే ఐరన్ మ్యాన్ హెల్మెట్, 4వ పాఠం: ఇరుసు ఎక్కడ పెట్టాలి?

కిందటి పాఠంలో హెల్మెట్‌ను రెండుగా కోశాం. తల మీద కూర్చునే డిప్ప ఒకటి, ముఖాన్ని కప్పే ఫేస్‌ప్లేట్ ఒకటి. ఇప్పుడు ఆ ఫేస్‌ప్లేట్ నుదుటి మీదుగా పైకి లేవాలి, మళ్లీ దిగి అతుకు కనబడకుండా కూర్చోవాలి. చాలామంది ముందు మోటార్ కొనేసి, తర్వాత దానికి చోటు వెతుక్కుంటారు. దయచేసి అలా చేయకండి. ఇరుసు సరైన చోట పడితే బొటనవేలంత మోటార్ చాలు. తప్పు చోట పడితే ఎంత పెద్దది తెచ్చినా లాభం లేదు.

ఈ హెల్మెట్‌కు చెవుల దగ్గర గుండ్రటి బిళ్లలు ఉంటాయి. ఫేస్‌ప్లేట్ అక్కడినుంచే తిరుగుతుందేమో అనిపిస్తుంది. నా మొదటి హెల్మెట్‌కు నేనూ అక్కడే బెజ్జం పెట్టాను. ఫేస్‌ప్లేట్ రెండు వేళ్ల మందం లేచిందో లేదో, దాని పై అంచు వెళ్లి డిప్ప నుదుటికి తగిలింది. మోటార్ మాత్రం తోస్తూనే ఉంది. టకటకమని శబ్దం వచ్చాక విప్పి చూస్తే లోపలి ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగి నున్నగా ఉన్నాయి.

కారణం సులువుగానే అర్థమవుతుంది. పక్కనుంచి చూస్తే డిప్ప ఇంచుమించు ఒక వృత్తం. ఇరుసు ఆ వృత్త కేంద్రానికి కింద ఉంటే, నుదుటి నుంచి నడినెత్తికి పోయేకొద్దీ డిప్ప ఇరుసుకు దూరమవుతూ ఉంటుంది. ఫేస్‌ప్లేట్ అంచుకు మాత్రం ఇరుసు నుంచి దూరం మారదు. కాబట్టి గుద్దుకోక తప్పదు. అదే ఇరుసు కేంద్రానికి కాస్త పైన, కాస్త వెనక ఉంటే డిప్ప లోపలికి తగ్గుతూ పోతుంది, అంచుకు దారి దొరుకుతుంది. అంటే మనకు కావలసిన చోటు చెవి దగ్గర కాదు, కణతకు పైన.

కచ్చితమైన చోటు కోసం బడిలో నేర్చుకున్న లంబ సమద్విఖండన రేఖ చాలు. హెల్మెట్‌ను గోడ పక్కన పెట్టి, పక్కనుంచి దాని ఆకారం నిజమైన సైజులో పెద్ద కాగితం మీద గీయండి. ఫేస్‌ప్లేట్ ఆకారాన్ని విడిగా అట్ట మీద గీసి కత్తిరించండి. అట్టను మూసిన స్థితిలో పెట్టి గడ్డం కొస దగ్గర ఒక చుక్క, పై అంచు దగ్గర ఒక చుక్క పెట్టండి. తర్వాత తెరుచుకున్నాక ఎక్కడ ఉండాలనుకుంటున్నారో అక్కడికి అట్టను జరపండి. డిప్పకు కనీసం ఒక సెంటీమీటర్ ఎడం ఉంచండి, రంగు గీసుకుపోకుండా ఉంటుంది. అవే రెండు చోట్ల మళ్లీ చుక్కలు పెట్టండి. గడ్డం చుక్కలు రెండూ కలిపి, ఆ గీతను సగం చేస్తూ లంబంగా ఒక రేఖ గీయండి. పై అంచు చుక్కలకూ అలాగే. ఆ రెండు రేఖలు కలిసే బిందువే ఇరుసు.

అక్కడ గుండుసూది గుచ్చి అట్టను మెల్లగా తిప్పండి. మొదలూ చివరా సరిపోయినా మధ్యలో ఎక్కడో తగలవచ్చు. తగిలితే తెరిచిన స్థితిని కొంచెం మార్చి మళ్లీ గీయండి. నాకు సాధారణంగా మూడు నాలుగు కాగితాలు పడతాయి. ఒక్కోసారి బిందువు హెల్మెట్ బయట పడుతుంది. అలాంటప్పుడు ఒక్క ఇరుసుతో పని జరగదు, ఒక్కో పక్క రెండేసి కడ్డీలు (చేతులు) కావాలి. దాని సంగతి 5వ పాఠంలో.

బిందువు దొరికాక రెండు పక్కలా బెజ్జాలు వేయాలి. ఈ రెండూ ఒకే సరళరేఖ మీద ఉండాలి. ఒకవైపు రెండు మూడు మిల్లీమీటర్లు జరిగినా ఫేస్‌ప్లేట్ వంకరగా లేచి బిగుసుకుంటుంది. పాత గొడుగు పుల్ల ఒకటి తీసుకోండి. మొదటి బెజ్జంలోంచి దూర్చి హెల్మెట్ అవతలి పక్కకు లోపలినుంచి తాకించండి. ముందునుంచి చూసినప్పుడు అది కళ్ల రంధ్రాలకు సమాంతరంగా, పైనుంచి చూసినప్పుడు ముక్కు గీతకు అడ్డంగా ఉంటే అక్కడే రెండో బెజ్జం.

ఇప్పుడు బరువు సంగతి. ఫోమ్‌తో చేసిన ఫేస్‌ప్లేట్ రంగుతో కలిపి 40, 50 గ్రాములు ఉంటుంది. త్రీడీ ప్రింట్ అయితే 120 దాకా పోతుంది. దాని బరువంతా ఇరుసుకు 9 సెంటీమీటర్లు ముందు ఉందనుకుందాం. 0.12 కిలోలను 9తో గుణిస్తే 1.08 కిలో-సెంటీమీటర్లు, అంటే దాన్ని ఎత్తడానికి కావలసిన తిప్పుడు బలం. ఎస్‌జీ90 అనే చిన్న సర్వో (చెప్పిన డిగ్రీకి తిరిగి ఆగే మోటార్) 4.8 వోల్టుల దగ్గర గట్టిగా ముక్కి తోసేది 1.8 కిలో-సెంటీమీటర్లు. అందులో సగానికి మించి అడగకూడదన్నది నా లెక్క. కాబట్టి ఫోమ్‌కు ఒకటి చాలు, ప్రింట్‌కు రెండు పక్కలా రెండు పెట్టాలి. గేర్లు లోహంతో ఉండే ఎంజీ90ఎస్ దొరికితే ఇంకా మంచిది.

సర్వోకు కష్టమైన క్షణం మొదటిదే. ఫేస్‌ప్లేట్ మూసి ఉన్నప్పుడు బరువు ఇరుసుకు బాగా ముందు ఉంటుంది. పైకి లేచేకొద్దీ ఇరుసు మీదికి వచ్చేస్తుంది. అందుకే లోపల ఒక రబ్బరు బ్యాండు కట్టి, మూసినప్పుడు సాగి ఉండేలా చూడండి. ఆ మొదటి తోపును అది పంచుకుంటుంది. మూసే చోట పెట్టే అయస్కాంతాలు మరీ బలమైనవి వద్దు, అవి సరిగ్గా ఆ క్షణంలోనే సర్వోకు అడ్డం పడతాయి.

రెండు సర్వోలు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఒకదానికి 30 డిగ్రీలు చెబితే రెండోదానికి 150 చెప్పాలి. ఆర్డుయినోలో (సర్వోలకు ఆదేశాలిచ్చే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు) 15 మిల్లీసెకన్లకు ఒక్క డిగ్రీ చొప్పున కదిలిస్తే 80 డిగ్రీలకు 1.2 సెకన్లు పడుతుంది, ఆ వేగం చూడముచ్చటగా ఉంటుంది. సర్వోలకు కరెంటు ఆర్డుయినో నుంచి లాగకండి. విడిగా బ్యాటరీ ఇచ్చి, బ్యాటరీ, ఆర్డుయినోల గ్రౌండ్ (మైనస్) తీగలు మాత్రం కలపండి.

సర్వో మీద తిరిగే చిన్న ప్లాస్టిక్ చేతి నుంచి ఫేస్‌ప్లేట్‌కు సైకిల్ పుల్ల ముక్కతో లంకె వేయండి. ఫేస్‌ప్లేట్ వైపు కొసను స్క్రూతో బిగించకండి, చిన్న అయస్కాంతంతో అంటించండి. బ్యాటరీ అయిపోతే లోపలున్న మనిషి చేత్తో లాగగానే లంకె ఊడి ముఖం బయటపడాలి. పిల్లలకు చేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

వచ్చే పాఠానికి ముందు ఒక పని. సర్వో తగిలించకుండా, ఒక్క వేలితో ఫేస్‌ప్లేట్‌ను ఇరవై సార్లు ఎత్తి దించండి. ఎక్కడ బిగుసుకుంటే అక్కడ పెన్సిల్ గుర్తు పెట్టి ఉప్పుకాగితంతో రుద్దండి. వేలికి ఎక్కడా ఏమీ తగలకుండా, ఒకే ఒరవడిలో లేచిన రోజున సర్వో తగిలించండి.