సోరియాసిస్ ఉన్నవారు చలి ముదరక ముందే చేసుకోవలసిన ఏర్పాట్లు

ఎనుమాముల మార్కెట్‌లో కొత్త పత్తి దిగుతోందంటే నేను ముందుగా నా మోచేతులు చూసుకుంటాను. అక్కడ ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. సోరియాసిస్ చదువుకునే రోజుల నుంచీ ఉంది. సద్దుల బతుకమ్మ వెళ్లాక వరంగల్‌లో గాలి పొడిబారుతుంది, తెల్లవారుజామున చలి మొదలవుతుంది. పొలుసులు లేచాక మందుల కోసం పరుగెత్తవద్దు. చర్మం నెమ్మదిగా ఉన్న దసరా రోజుల్లోనే పని మొదలుపెట్టండి.

ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. తామర ఫంగస్ వల్ల వస్తుంది, అంటుకుంటుంది. సోరియాసిస్ రోగనిరోధక వ్యవస్థ గాడి తప్పడం వల్ల వస్తుంది, ఎవరికీ అంటదు. మామూలుగా సుమారు నెల పట్టే చర్మకణాల మార్పిడి సోరియాసిస్ మచ్చల్లో కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. ఆ తొందరే పొలుసుగా పేరుకుంటుంది. సోరియాసిస్‌కు రాసే స్టెరాయిడ్ (మంట, వాపు తగ్గించే మందు) తామర మీద రాస్తే తామర లోలోపల పాకుతుంది. అందుకే మందుల దుకాణంలో అడిగి ట్యూబు కొనకండి. ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ఒకసారి చూపించుకోండి.

ఇక స్నానం. చలికాలంలో సగం వైద్యం అక్కడే జరుగుతుంది. హీటరు నీళ్లు పొగలు కక్కుతుంటే హాయిగానే ఉంటుంది కాని, చర్మంలో ఉన్న కాస్త నూనె కూడా పోతుంది. గోరువెచ్చని నీళ్లు చాలు, పది నిమిషాలు దాటవద్దు. తువ్వాలుతో ఒత్తి అద్దుకోండి, రుద్దకండి. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, స్నానాలగది దాటకముందే, వాసన లేని పెట్రోలియం జెల్లీ రాసుకోండి. కొంచెం తీసుకుని అరచేతుల మధ్య కరగనిచ్చి, వెంట్రుకలు వాలిన దిక్కుగానే నిమరాలి. ఎదురు దిక్కున రుద్దితే రోమకూపాలు మూసుకుని కురుపులు లేస్తాయి. డబ్బా నెలంతా రావాలని పొదుపు చేయకండి, పొదుపు చేయవలసిన చోటు ఇది కాదు. ఒక్క జాగ్రత్త: జెల్లీ ఇంకిన బట్టలకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. ఆ చొక్కాతో చలిమంట దగ్గర కూర్చోకండి.

వైద్యులు రాసిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంటుకు కొలత ఉంది. చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన గీత సుమారు అర గ్రాము. వేళ్లతో కలిపి రెండు అరచేతులంత చోటుకు అది సరిపోతుంది. జెల్లీకీ దీనికీ మధ్య అరగంట ఎడం ఇవ్వండి. ఒంటికి ఇచ్చిన ఘాటైన మందును ముఖానికి, గజ్జలకు రాయకండి.

భోగి నాడు పెద్దవాళ్లు ప్రేమగా నలుగు పెడతామంటారు. మచ్చల మీద మాత్రం వద్దని చెప్పండి. గీరినా, పొలుసు పీకినా, దెబ్బ తగిలినా ఆ చోట కొత్త మచ్చ లేవవచ్చు. గోళ్లు పొట్టిగా ఉంచుకోండి. ఉన్ని స్వెటరు లోపల నూలు బనియను వేసుకోండి. పిల్లలకు గొంతునొప్పి వచ్చాక ఒంటినిండా చినుకుల్లాంటి ఎర్ర మచ్చలు లేస్తే వైద్యులకు చూపించండి. కొన్ని రక్తపోటు మందులు కూడా జబ్బును రేపుతాయి, కాబట్టి మీరు వాడే మాత్రలన్నీ వాళ్లకు చెప్పండి.

పేరులేని పొట్లాల్లో ఇచ్చే మాత్రలంటే నాకు భయం. అందులో స్టెరాయిడ్ ఉంటే తిన్నన్నాళ్లూ ఒళ్లు నున్నగా కనిపిస్తుంది. ఆపగానే జబ్బు చీముపొక్కులతో తిరగబడవచ్చు.

మిర్చి సీజన్ నాటికి ఎండ ముదురుతుంది. చాలామందికి అప్పుడు కాస్త నయమవుతుంది, కాని చర్మం కమిలేంత ఎండ తగలకూడదు. అరచేతుల్లో పగుళ్లుంటే లోపల నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు లేకుండా మిర్చి బస్తా ముట్టకండి, ఆ మంట చెప్పనలవి కాదు.

ఒళ్లంతా ఎర్రబడి వణుకు వచ్చినా, జ్వరంతో చీముపొక్కులు లేచినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నా, ఒక వేలు మొత్తం ఉబ్బినా చలివల్లే అనుకోకండి. కొందరిలో ఈ జబ్బు కీళ్లకూ పాకుతుంది, ఆలస్యమైతే పాడైన కీలు మళ్లీ మామూలు కాదు.