పౌరుడి పాఠాలు – 5: దరఖాస్తు ఎవరి పేరున?

పోయిన పాఠం చూసి సమాచార హక్కు దరఖాస్తు పెట్టినవాళ్లలో చాలామందికి ఒకటే జవాబు వచ్చింది: సంఘాలకు సమాచారం ఇవ్వలేం. వాళ్ల దరఖాస్తులు సంఘం పేరున ఉన్నాయి: యువజన సంఘం లెటర్‌హెడ్, అధ్యక్ష కార్యదర్శుల సంతకాలు, కింద గుండ్రటి స్టాంపు. పదిమంది అడిగితే బరువుంటుందనుకోవడం సహజమే. ఈ వారం గ్రామసభ మొదలుపెట్టాల్సింది, కానీ ముందు ఈ ముడి విప్పుదాం.

2005 సమాచార హక్కు చట్టం మూడో సెక్షన్ ఆ హక్కును పౌరులకు ఇచ్చింది. సంఘం పౌరుడు కాదు. కంపెనీ పౌరుడు కాదని సుప్రీంకోర్టు 1963లోనే తేల్చింది. రాజ్యాంగంలో చట్టం ముందు సమానత్వం చెప్పే 14వ అధికరణం విదేశీయులకూ వర్తిస్తుంది. సంఘం పెట్టుకునే హక్కు ఉన్న 19వది మాత్రం పౌరులకే. అంటే సంఘం మీ పౌరసత్వంలోంచి పుట్టింది, దానికి వేరే పౌరసత్వం లేదు.

అందుకని "ఫలానా మహిళా సంఘం తరఫున" అని రాయకండి. "మేము కింద సంతకం చేసినవాళ్లం" వద్దు. "గ్రామ ప్రజలు" అసలే వద్దు. అది చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అడిగినవాళ్లు ఎవరో లేకపోతే జవాబు ఎవరికివ్వాలి, అప్పీలు ఎవరు చేయాలి? సంఘం కార్యదర్శి తన పేరు రాసి, తాను భారత పౌరుడినని చెబితే సమాచారం ఇవ్వవచ్చని కేంద్ర సిబ్బంది శాఖ మార్గదర్శకాల్లో ఉంది. అయినా నేను లెటర్‌హెడ్ జోలికే వెళ్లను. తెల్లకాగితం, నా పేరు, చిరునామా, "నేను భారత పౌరురాలిని" అన్న ఒక్క వాక్యం, అంతే. ఎందుకు కావాలో రాయక్కర్లేదు, ఆరో సెక్షనే ఆ మాట చెబుతుంది.

మరి సంఘం దేనికి? చట్టంలో లేనిదాన్ని సాధించడానికి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు సారా అమ్మకం చట్టబద్ధమే. దరఖాస్తుతో అది ఆగేది కాదు. ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పౌర సమాజం బలం అది.

గ్రామసభ ఒక్కరి దరఖాస్తూ కాదు, సంఘమూ కాదు. 243వ అధికరణం ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లందరూ అందులో సభ్యులే. మీ సంఘంలో చేరనివాళ్లు, మీరంటే గిట్టనివాళ్లు కూడా. ఇష్టమున్నవాళ్లతో సంఘం పెట్టుకోవచ్చు, గ్రామసభలాంటి రాజకీయ సముదాయంలో మాత్రం అందరితో కలిసి తీర్మానించాలి.

అభ్యాసం: మీ ఊళ్లో ఈమధ్య వేసిన ఒక సీసీ రోడ్డు ఎంచుకోండి. ఖర్చు అంచనా, కొలతల పుస్తకం (చేసిన పని కొలతలు రాసే రికార్డు), బిల్లుల నకళ్లు కావాలని మీ ఒక్కరి పేరున పంచాయతీకి రాయండి. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. రికార్డు ఇంజనీరింగ్ విభాగంలో ఉంటే మీ దరఖాస్తును 5 రోజుల్లోపు అక్కడికి పంపాల్సింది వాళ్లే. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. కాగితాలొచ్చాక టేపు పట్టుకుని రోడ్డు పొడవు, వెడల్పు కొలవండి. కొలతలో తేడా ఉంటే మీ సంఘంలో లేని ముగ్గురికి ముందు చూపించండి. వాళ్లు ఒప్పుకున్నాక గ్రామసభలో లేవనెత్తి, తీర్మానాల పుస్తకంలో రాయించండి.